రిజిస్టరులో పెట్టిన కళ్ళద్దాలు

ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో నాకు వచ్చిన మెమో ఒక్కటే. అది కూడా రిటైరు కావడానికి పది నెలల ముందు వచ్చింది. బీరువా పై అరలో, పెన్షన్ కాగితాల కింద ఇంకా ఉంది. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, "సార్, మీ సర్వీసులో గొప్ప సంగతి ఏదైనా చెప్పండి" అని అడుగుతుంటారు. నా గొప్పలు వాళ్ళకు పనికిరావు. పట్టు పురుగుకు రోగం తగిలిందో లేదో షెడ్డు వాకిట్లో నిలబడి వాసన బట్టి చెప్పేవాడిని. ఇప్పుడు దానికి వేరే పద్ధతులు వచ్చాయి. పనికొస్తే గిస్తే ఆ మెమో సంగతి పనికొస్తుంది. అందులో ఉన్నవాళ్ళంతా ఇంకా ఈ చుట్టుపక్కల ఊళ్ళలోనే తిరుగుతున్నారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు.

నేను పట్టు పురుగులు పెంచే రైతుల దగ్గరికి తిరిగే ఉద్యోగిని. బోర్డు మీద మా ఆఫీసు పేరు బారెడు ఉండేది గానీ రైతులకు మాత్రం మాది పురుగులాఫీసు, నేను పురుగుల సారు. మల్బరీ తోటలున్న పల్లెలు తిరిగి, మేత ఎప్పుడు వేయాలో ఎప్పుడు ఆపాలో చెప్పి రావడం నా పని. చర్మం విడిచే ముందు పురుగు ఆకు ముట్టదు. తల ఎత్తుకుని కదలకుండా ఉంటుంది. దాన్ని జ్వరం అంటారు. అప్పుడే పుట్టిన పిల్ల పురుగులను చేత్తో తాకకూడదు, ఈకతో ఆకు మీదికి తోయాలి. అందుకని నా జేబులో పెన్ను పక్కన ఎప్పుడూ ఒక కోడి ఈక ఉండేది. మొదట మదనపల్లె, తర్వాత పుంగనూరు, చివరికి కుప్పం. ఇల్లు మాత్రం మదనపల్లెలోనే. కుప్పంలో ఒక గది తీసుకుని ఉండి, శనివారం మధ్యాహ్నం బస్సెక్కి పలమనేరు, పుంగనూరు మీదుగా ఇంటికి వచ్చేవాడిని.

మా తరం గుమాస్తాలకు, నాలాంటి తిరుగుడు ఉద్యోగులకు ఒక అలవాటు ఉండేది. సాయంత్రం రాయడం ఆపిన పేజీలో కళ్ళద్దాలు పెట్టి రిజిస్టరు మూసేయడం. దగ్గరి చూపు అద్దాలు, గదికి తీసుకుపోయి చేసేదేముంది? పొద్దున వచ్చి రిజిస్టరు తెరిస్తే అద్దాలు దొరుకుతాయి, నిన్న ఎక్కడ ఆపామో అదీ తెలుస్తుంది. లోపల అద్దాలు ఉంటే రిజిస్టరు సరిగా మూసుకోదు కాబట్టి అరచేత్తో ఒక్క అదుము అదిమి, పైన గుండ్రాయి పెట్టి పోవాలి. మదనపల్లెలో నా మొదటి పెద్దసారు నేర్పిన అలవాటు ఇది. ఆయన నేర్పిన మిగతావన్నీ మరిచిపోయాను గానీ ఇది చేతికి అంటుకుపోయింది.

రిటైర్మెంటు దగ్గరపడుతుండగా మా ఆఫీసుకు ఒక ల్యాప్‌టాప్ వచ్చింది. దాంతోపాటు కాంట్రాక్టు మీద ఒక ఆపరేటరు అమ్మాయి వచ్చింది. పుంగనూరు పిల్ల. వాళ్ళ నాన్న గడియారాలు బాగుచేసే భాయ్. కుప్పంలో ఆడపిల్లల హాస్టల్లో ఉంటూ నాలాగే వారానికొకసారి ఇంటికి పోయేది. రైతుల వివరాలు, తోటల కొలతలు, ఎవరికి ఎన్ని పురుగు గుడ్లు ఇచ్చామో అన్నీ అందులోకి ఎక్కించేది. ఆఫీసు ఉత్తరాలు కూడా ఆమే టైపు చేసేది. నాకు ఆ యంత్రం అంటే భయం. భయం అని ఒప్పుకోవడం నామోషీ కాబట్టి, "నా చేతిరాత చాలమ్మా నాకు" అని విసుక్కునేవాడిని.

ఆ పిల్ల ఊరుకోలేదు. "సార్, రిటైరైనాక పెన్షన్ సంగతులన్నీ దీంట్లోనే సూసుకోవల్ల. ఇప్పుడే నేర్చుకోండి" అని రోజుకో పది నిమిషాలు నేర్పింది. నలుగురి ముందు నాకు వేలు కదిలేది కాదు. అందుకని అందరూ పోయాక, ఐదున్నర తర్వాత, ఒక్కడినే కూర్చుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టేవాడిని. పాస్‌వర్డు నేర్పేటప్పుడు ఆమే చీటీ మీద రాసిచ్చింది. ఈ సాయంత్రాల సంగతి ఆమెకు గానీ అటెండరుకు గానీ తెలియదు. తెలిస్తే పరువు పోతుందని నా భయం.

ఆ మంగళవారం ఆమె ల్యాప్‌టాప్ తీసుకుని గుడుపల్లె పోయి, రైతుల వివరాలు ఎక్కించుకుని సాయంత్రం బస్సులో వచ్చింది. దాన్ని టేబుల్ మీద పెట్టి హాస్టల్‌కు పోయింది. నేను మామూలుగానే కూర్చున్నాను. ఆ రోజు చేతులు బాగా నడిచాయి. పదకొండు మంది రైతుల పేర్లు తప్పు లేకుండా కొట్టాను. ఇంతలో మబ్బు పట్టింది, నాలుగు చినుకులు పడ్డాయి. గదిలో కిటికీ తెరిచి వచ్చానని గుర్తొచ్చింది. లేచాను. లేచి ఏం చేశానో అప్పుడు నాకు తెలియదు, ఇన్నేళ్ళుగా చేతులు చేసే పని చేతులు చేశాయి. కళ్ళద్దాలు తీసి ఆ మీటల మీద పెట్టాను. మూత వేశాను. సరిగా మూసుకోకపోతే అరచేత్తో అదిమాను. పైన గుండ్రాయి పెట్టి వెళ్ళిపోయాను.

బుధవారం పొద్దున టీ అంగడిలో పేపరు చూద్దామని జేబు తడుముకుంటే అద్దాలు లేవు. రిజిస్టరులో ఉంటాయిలే అనుకున్నాను. రెండు గుక్కలు తాగాక గుర్తొచ్చింది, నిన్న సాయంత్రం నేను రిజిస్టరు తెరవనే లేదని.

గ్లాసు అక్కడే పెట్టి పరుగెత్తాను. అటెండరు అప్పుడే తాళం తీసి ఊడుస్తున్నాడు. "ఏం సార్, ఇంత పొద్దున్నే" అన్నాడు. నేరుగా లోపలికి పోయి రాయి ఎత్తి మూత తెరిచాను. అద్దాల కాడ ఒకటి వంకరపోయింది. ల్యాప్‌టాప్ తెర కుడివైపున రెండు చోట్ల చిట్లి, అక్కడి నుంచి గీతలు అడ్డదిడ్డంగా పాకాయి. స్విచ్ వేస్తే సగం తెర మీద సిరా ఒలికినట్టు నలుపు. మిగతా సగంలో రంగు గీతలు వణుకుతున్నాయి.

తర్వాత నేను చేసిన పనే రాయడానికి కష్టంగా ఉంది. అద్దాలు తీసి జేబులో వేసుకున్నాను. మూత వేశాను. రాయిని తీసుకుపోయి రిజిస్టర్ల మీద పెట్టాను. నా కుర్చీలో కూర్చుని పాత ఫైలు ఒకటి ముందేసుకున్నాను.

పదింటికి ఆ పిల్ల వచ్చింది. మూత తెరిచింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. తర్వాత నా టేబుల్ దగ్గరికి వచ్చి, ఎవరికీ వినపడనంత మెల్లగా అంది.

"సార్, నిన్న గుడుపల్లె బస్సులో నిలబడే వచ్చినా. ఎవురిదో కొబ్బరికాయల మూట నా బ్యాగుకే ఆనుకోని ఉండె. వచ్చినాక తెరిచి సూడనే లేదు, టేబుల్ మీద పెట్టి పోయినా. అప్పుడే పగిలిపోయినట్టుండాది సార్."

నేను ఏమనాలి? "కాదమ్మా, నేను పగలగొట్టాను" అనాలి. మూడు మాటలు. అవి నోటిదాకా వచ్చాయి కూడా. అటు పక్క టేబుల్ వాళ్ళు తలెత్తి చూశారు. ముసలాడు దొంగచాటుగా కంప్యూటరు నేర్చుకుంటూ పగలగొట్టాడట అని నవ్వుతారని అనిపించింది. అంత చిన్న సంగతికి.

"అయ్యుంటుంది లేమ్మా" అన్నాను.

ఆ పిల్లకు ఏం పోతుందో నాకు బాగా తెలుసు. వచ్చే సోమవారం మేడం తనిఖీకి వస్తున్నారు. మేడం అంటే మా మీది అధికారి. ఆ తనిఖీలోనే కాంట్రాక్టు వాళ్ళలో ఎవరిని ఇంకో ఏడాది కొనసాగించాలో రాసుకుని పోతారు. ఆఫీసుకు వచ్చిన ఒక్క ల్యాప్‌టాప్ పగలగొట్టిన పిల్ల అని ముందే చెవిన పడితే ఆ కాగితం మీద పేరు ఉంటుందా? వాళ్ళ నాన్న అంగడి నడవడం లేదు. ఇల్లు ఈమె జీతం మీదే నడుస్తోంది. ఇవన్నీ తెలిసే 'అయ్యుంటుంది' అన్నాను.

ఆమె దాన్ని కుప్పంలో రిపేరు అంగడికి తీసుకుపోయింది. బెంగుళూరు పంపాలి, పది రోజులు పడుతుందన్నాడు. తిరిగి వచ్చి కాగితాల మీద రాసుకుంటూ కూర్చుంది. గురువారం అటెండరు నాతో అన్నాడు.

"పాప నిన్నటి నుంచి క్యారియరు విప్పల్యా సార్. తెచ్చింది తెచ్చినట్టే ఎత్కపోతాండాది. నిన్న పై ఆఫీసుకి ఫోన్ చేసినప్పుడు ల్యాప్‌టాప్ పగిలిపోయిందని నేను నోరు జారినా. తప్పు చేసినానేమో సార్."

జ్వరంలో ఉన్న పురుగు దగ్గర ఎంత లేత ఆకు వేసినా ముట్టదు. ఆ రెండు రోజులు ఆమెను చూస్తుంటే నాకు అదే గుర్తొచ్చింది. చెప్పేద్దామని మూడుసార్లు లేచాను. ఒకసారి రైతు ఎవరో వచ్చాడు. ఒకసారి కరెంటు బిల్లు వాడు వచ్చాడు. మూడోసారి ఎవరూ రాలేదు, నేనే మంచినీళ్ళు తాగి వచ్చి కూర్చున్నాను.

చెప్పలేని మనిషి చేతనైనది చేయాలి కదా. మదనపల్లెలో మా వీధి చివర ఒక మెకానిక్ ఉన్నాడు. ఒకప్పుడు టీవీలు, ఇప్పుడు ల్యాప్‌టాప్‌లు చేస్తాడు. శుక్రవారం అతనికి ఫోన్ చేశాను.

"తెర నా దగ్గర దొరకతాది అప్పా. అయితే అన్ని తెరలూ ఒకటి కాదు. పాతదాని వెనక చీటీ అంటించి ఉంటాది, దాని ఫోటో పంపండి, అదే రకం ఇస్తా. శనివారం సాయంత్రం వచ్చి తీసుకోండి. ఆదివారం నేను పెండ్లికి పోతాండా, అంగడి తెరవను. అయినా అదేమంత పని కాదు. మీరే ఇంట్లో కూర్చోని ఏసుకోవచ్చు."

"నేనా?" అన్నాను.

"చేయి వణకనోళ్ళు ఎవురైనా సరే అప్పా."

ఈ మాట ఆ పిల్లకు చెబితే మొహంలో కాస్త వెలుగు వచ్చింది. "మా నాయనకి సన్న స్క్రూ డ్రైవర్లు అన్నీ ఉండాయి సార్, గడియారాలవి. ఇంట్లోనే చేద్దాం" అంది. తెర నేను కొంటానంటే వద్దని వాదించింది. "మీరు నా కోసరం ఇంత ఖర్చు యాల పెట్టేది సార్" అంది. "పెద్దవాళ్ళ మాట వినాలమ్మా" అని గదిమాను. గదమడం నాకు ఎప్పుడూ సులువే.

శనివారం ఇద్దరం ఒకే బస్సులో వచ్చాం. ల్యాప్‌టాప్ బ్యాగు ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ అడ్డం పెట్టుకుని కూర్చుంది. పలమనేరులో ఒక ముసలామె సంచి దగ్గరగా పెడితే, "అమ్మా, కొంచెం జరపమ్మా, దీంట్లో పగిలేది ఉండాది" అంది. అప్పటికే పగిలిన దాన్ని ఆమె అలా కాపాడుకుంటుంటే నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. పుంగనూరులో ఆమె దిగిపోయింది. సాయంత్రానికి వాళ్ళ నాన్న తెర చుట్టూ ఉన్న చట్రం ఊడదీసి, వెనక చీటీ ఫోటో పంపాడు. నేను అది చూపించి మెకానిక్ దగ్గర కొత్త తెర తీసుకున్నాను. పని ఎలా చేయాలో అతను ఒక కాగితం మీద రాసి, బొమ్మ గీసి ఇచ్చాడు. రాత్రి భోజనం దగ్గర మా ఆవిడ నా అద్దాలు చూసి, "ఏంది, వంకరగా కూర్చున్నాయి" అంది. వాటి మీద కూర్చున్నానని చెప్పాను. అబద్ధాలు అప్పటికి బాగా అలవాటయ్యాయి.

ఆదివారం పొద్దున బస్సులో కొత్త తెరను పురుగు గుడ్లు అంటించిన అట్టలు మోసుకుపోయినట్టు అరచేతుల మీద పెట్టుకుని పుంగనూరు పోయాను. వాళ్ళ ఇల్లు ఒక సందులో. ముందు గదే అంగడి. గాజు పెట్టెలో నాలుగు గడియారాలు, గోడకు ఆగిపోయినవి ఐదారు. భాయ్ నాకంటే రెండు మూడేళ్ళు పెద్ద ఉంటాడు. కుర్చీ దులిపి వేశాడు.

"గడియారాలు ఇప్పుడు ఎవురు కట్టుకుంటాండారు సార్. అందరూ ఫోన్లోనే సూస్తారు. ఎవురన్నా బ్యాటరీ ఏయించుకోను వస్తారు, అంతే" అన్నాడు. మూలనున్న కుట్టు మిషను మీద దుప్పటి పరిచి, దాని మీద ల్యాప్‌టాప్ అప్పటికే పెట్టి ఉంచారు.

లోపలి నుంచి వాళ్ళమ్మ తలుపు దాకా వచ్చి కొంగు సర్దుకుని అంది. "మా పాప రోజూ చెప్తాంటాది సార్, ఆఫీసులో ఆ సారు లేకుంటే నాకు దిక్కెవురని. తిని పోవల్ల మీరు, అన్నం చేస్తాండా."

నేను తల ఊపాను. ఈకతో పాటు జేబులో ఉన్న వంకర అద్దాలు ఛాతీకి గుచ్చుకుంటున్నట్టుగా ఉంది.

పని మొదలైంది. ముందు బ్యాటరీ తీసేశాం. భాయ్ కంటికి భూతద్దం బిగించుకుని మరలు చూపించాడు గానీ స్క్రూ డ్రైవరు పట్టుకుంటే ఆయన చెయ్యి సన్నగా వణికింది. రెండుసార్లు మర మీద నుంచి జారింది. ఆయన దాన్ని కూతురి చేతికి ఇచ్చాడు. "నువ్వు పట్టు బేటీ. నేను సూస్తా, నువ్వు తిప్పు."

అట్లా ముగ్గురం పంచుకున్నాం. చూపు ఆయనది, చేతులు ఆమెవి, టార్చి నాది. ఊడదీసిన ప్రతి మరను ఆయన తెల్లగుడ్డ మీద, అది ఉన్న చోటే పెట్టించాడు. పై మూల మర గుడ్డ పై మూలన, కింది మూలది కింద. ఒక్కోదాని మీద ఒక్కో టీ గ్లాసు బోర్లించాడు. గాలికి పోకుండా, ఒకదానికి ఒకటి కలవకుండా గడియారాల వాళ్ళు అలా చేస్తారట. కాసేపటికి గుడ్డ మీద ఆరు గ్లాసులు బోర్లించి ఉన్నాయి, వాటి కింద ఆవగింజంత మరలు. నేను చూసిన ఏ ఆఫీసులోనూ అంత శుభ్రమైన రిజిస్టరు లేదు.

పాత తెరను ముందుకు వంచి మీటల మీద పడుకోబెడితే, వెనక సన్నటి వైర్ల పట్టీ ఒకటి కనిపించింది. అదే ప్రాణం. మెకానిక్ రాసిచ్చిన కాగితం నేను పైకి చదివాను. "పైకి లాగొద్దు. టేపు తీసి, మెల్లగా కిందికి జరపల్ల." ఆమె రెండు గోళ్ళతో పట్టుకుని జరిపింది. వచ్చేసింది. కొత్త తెర పెట్టే ముందు దాని మీద కాస్త దుమ్ము కనిపిస్తే భాయ్ గుడ్డ తీయబోయాడు. నేను వద్దని జేబులో నుంచి ఈక తీసి ఇచ్చాను. ఆ నాలుగు రోజుల్లో ఆమె మొదటిసారి నవ్వింది. "పురుగుల ఈకా సార్" అంది. అయినా దాంతోనే తుడిచింది, అప్పుడే పుట్టిన పురుగుల్ని తోసినంత మెల్లగా.

పట్టీ తగిలించి, మరలు బిగించే ముందే ఒకసారి చూసుకోమని కాగితంలో ఉంది. బ్యాటరీ పెట్టి స్విచ్ నొక్కింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత తెల్లగా వెలిగింది. గీత లేదు, మచ్చ లేదు. ఆమె రెండు చేతుల్లో ముఖం పెట్టుకుంది. లోపల నుంచి వాళ్ళమ్మ, "వచ్చిందా?" అని అడిగింది. తలుపు దాకా వచ్చి చూసి మళ్ళీ పొయ్యి దగ్గరికి పోయింది.

కాగితం చదవడానికి నేను అద్దాలు పెట్టుకున్నాను కదా. భాయ్ అప్పటి నుంచి వాటినే చూస్తున్నాడు. "అద్దాలు యాల వంకరబోయినాయి సార్? ఇట్లివ్వండి, సరి చేస్తా" అన్నాడు. వాటి మీద కూర్చున్నానని ఆయనకూ చెప్పాను. ఆయన వాటిని తీసుకుని గాజు పెట్టె దగ్గర కూర్చున్నాడు. పాత తెర కూడా అక్కడే ఉంది. భూతద్దం కంటికి బిగించుకుని కాడ వంచుతూ వంచుతూ ఆగాడు. పాత తెర మీద చిట్లిన రెండు చోట్ల వైపు చూశాడు. అద్దాలను వాటి మీద ఆనించాడు. కాడలు మడిచే రెండు మూలలూ సరిగ్గా ఆ చిట్లిన చోట్ల మీద కూర్చున్నాయి. నాకు కనిపించేలాగే చేశాడు. కూతురు అటు తిరిగి మరలు బిగిస్తోంది.

లేచి వచ్చి అద్దాలు నా చేతిలో పెట్టాడు. కాడ నిటారుగా ఉంది.

"నలభై ఏండ్లుగా ఈ పని చేస్తాండా సార్. నీళ్ళల్లో పడిన గడియారం తెచ్చి, నీళ్ళల్లో పడిందని చెప్పినోడు ఒక్కడు లేడు. ఉన్నట్టుండి నిలిచిపోయింది అంటారు. ఇప్పితే నాకు తెలుస్తాది. నేనేమీ అనను. తుడిచి ఇస్తా" అన్నాడు. టోపీ తీసుకుని, "నమాజుకు పోయొస్తా. మీరు మాట్లాడుతూ ఉండండి" అని సందులోకి దిగిపోయాడు.

ఆమె చట్రం బిగిస్తోంది. చుట్టూ వేళ్ళతో ఒత్తుకుంటూ పోతే ఒక్కో చోట టక్కున కూర్చుంటుంది. నేను చెప్పడం మొదలుపెట్టాను. ఐదున్నర తర్వాత కూర్చోవడం, అద్దాలు పెట్టి మూయడం, రాయి, బుధవారం పొద్దున నేను ముందే వచ్చి అద్దాలు తీసుకోవడం, అన్నీ. కొబ్బరికాయల మూట కాదమ్మా, నేనే అని చెప్పాను. చెప్తున్నంత సేపూ ఆమె తలెత్తలేదు. ఒత్తుతూనే ఉంది. టక్. టక్. చివరి మూల కూర్చున్నాక చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"మా నాయన కూడా నాకోసరం ఇంత తిరగడే అనుకున్యా సార్" అంది.

నేను తల వంచుకున్నాను. ఇంకేమైనా తిడితే బాగుండునని ఉంది. ఆమె లోపలికి ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"అమ్మకి చెప్పొద్దండి సార్. పొద్దున్నుంచి మీ కోసరమే వండుతాండాది. తినేసి పోండి."

తిన్నాను. ఏం తిన్నానో గుర్తు లేదు. ఆమె మాత్రం రెండోసారి వడ్డించుకోవడం గుర్తుంది. బస్టాండు దాకా వచ్చి, "తెర బాగైపోయింది కదా సార్, ఇంక ఎవురికీ చెప్పబల్లేదు. మీకు పది నెలలే ఉండాది" అంది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

సోమవారం మేడం వచ్చారు. రిజిస్టర్లు చూశారు, గుడ్ల లెక్క చూశారు. చూడడం అయ్యాక నా రిజిస్టరు మూసి పైన రాయి పెట్టాను. తర్వాత కుర్చీ వెనక్కి జరుపుకుని అందరి ముందూ అడిగారు. "ఏమ్మా, ల్యాప్‌టాప్ పగలగొట్టావంట?"

"బాగుంది మేడం" అని ఆమె మూత తెరిచి చూపించింది.

"బాగైంది సరే. పగిలిందెట్లా?"

ఆమె టేబుల్ వైపు చూస్తూ నిలబడింది. నా వైపు ఒక్కసారి కూడా తిరగలేదు. నా పేరు చెప్పదని, అడిగి అడిగి విసిగి మేడం ఏదో రాసుకుని పోతారని నాకు అర్థమైపోయింది. ఒక్కసారి కంటి కొసన చూసి ఉంటే, నన్ను అడిగిందని చెప్పుకోవడానికైనా నాకు ఉండేది. అదీ లేదు. లేచి నిలబడ్డాను.

"నేను పగలగొట్టాను మేడం."

"మీరా? మీరు దాన్ని ముట్టుకుంటారా?" అన్నారు మేడం. పక్క టేబుల్ వాళ్ళు నవ్వారు. నేను దేనికి భయపడి నాలుగు రోజులు నోరు మూసుకున్నానో, ఆ నవ్వు అంతే. ఒక్క నిమిషం కూడా లేదు. కళ్ళద్దాలు పెట్టి మూశానని చెబితే మేడం కూడా నవ్వారు. తర్వాత బుధవారం సంగతి చెప్పాను. ఈ అమ్మాయి తనే పగలగొట్టాననుకుంటే అవునన్నాను అని చెప్పాను. అప్పుడు ఎవరూ నవ్వలేదు. అటెండరు తలుపు దగ్గర నిలబడి చీపురు వైపు చూస్తున్నాడు.

మేడం పెన్ను మూత తీశారు. "మీ వయసుకి మెమో ఇవ్వాలంటే నాకే ఎట్లో ఉంది. ఇవ్వక తప్పదు" అన్నారు. "ఇవ్వండి మేడం" అన్నాను. కాంట్రాక్టు కాగితం మీద ఆమె పేరు నా ఎదురుగానే రాసి సంతకం పెట్టారు. నా మెమోకు ఒక కాగితం మీద చేత్తో నాలుగు వరుసలు రాసి, టైపు చేసి సంతకం తీసుకోమని ఇచ్చి, పక్క గదిలో టీకి కూర్చున్నారు.

టైపు చేయాల్సింది ఎవరు? మా ఆఫీసులో ఉత్తరాలన్నీ ఆమే కదా. ఆ ల్యాప్‌టాప్ మీదే, ఆ కొత్త తెర మీదే, నా మెమో కొట్టడం మొదలుపెట్టింది. రెండు వరుసలు కొట్టి ఆగింది. కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"సార్, మేడం 'నిర్లక్ష్యం' అని రాసినారు. 'మరుపు' అని మార్చమంటారా అని అడిగొస్తా. మేడం ఒప్పుకుంటారు, మంచోళ్ళే."

"అద్దాలు పెట్టి మూసింది మరుపేనమ్మా. బుధవారం పొద్దున వాటిని తీసుకుని జేబులో వేసుకున్నాను చూడు, అది మరుపు కాదు. మేడం ఎట్లా రాశారో అట్లే కొట్టు."

ఆమె పోయి కొట్టింది. ప్రింటు తీసి తెచ్చి నా ముందు పెట్టింది. అందుకున్నట్టు సంతకం చేయాలి. ఎక్కడ చేయాలో అక్షరాలు అలుక్కుపోయి కనిపించాయి. జేబు తడుముకున్నాను. ఈక ఉంది, పెన్ను ఉంది, అద్దాలు లేవు.

ఆమె నా టేబుల్ మీది రాయి ఎత్తి పక్కన పెట్టింది. రిజిస్టరు తెరిచి, అందులో నుంచి కళ్ళద్దాలు తీసి, తన చున్నీ అంచుతో తుడిచి నా చేతికి ఇచ్చింది.